నాన్న వాచీకి ఒక చిన్న జంపర్: నెల్లూరు చిన్న బజారు దారిలోని మరమ్మతు దుకాణం

ఏప్రిల్ నెలకు ముప్పై రోజులే. తేదీ చూపే చేతి గడియారానికి ఆ సంగతి తెలియదు కాబట్టి మే 1వ తేదీ ఉదయం అది 31 చూపిస్తుంది. కీ బుడిపెను ఒక మెట్టు బయటికి లాగి, తేదీని 1కి తిప్పి, మళ్ళీ లోపలికి నొక్కాలి. మా నాన్న ఏడాదికి ఐదుసార్లు, ప్రతి చిన్న నెలా అయిపోయిన మరునాడు, కాఫీ తాగకముందే ఈ పని చేసేవారు. 2016లో ఆయన పోయినప్పటి నుంచి వాచీ నా చేతికి వచ్చింది, ఆ పనీ నాకే వచ్చింది.

ఈ ఏడాది మే 1న బుడిపె లాగితే అది ఎక్కడా ఆగలేదు. మామూలుగా మొదటి మెట్టు దగ్గర 'టక్' మని వేలికి తగులుతుంది. ఆ రోజు గడియ లేని తలుపులా ముందుకూ వెనక్కూ జారింది. లాగి పట్టుకుంటే ముళ్ళు తిరుగుతున్నాయి, వదిలితే లోపలికి పోతోంది. వాచీ మాత్రం నడుస్తూనే ఉంది. తప్పు తేదీతో, సరైన సమయంతో.

ఆ ఒక్క 'టక్' తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది. చివరికి ఆ పని చేసిపెట్టిన దుకాణం గురించే ఈ రాత. అంతకు ముందు నడిచినదీ కొంత చెప్పాలి. ఎందుకంటే మీ ఇంట్లో కూడా ఇలాంటి వాచీ ఒకటి ఉంటే, మీకూ మొదట ఎదురయ్యేది అదే.

నాన్న కువైట్‌లో ఎలక్ట్రీషియన్. పదేళ్ళు నిలకడగా పని చేసినందుకు 1988లో యజమాని ఇచ్చిన స్విస్ ఆటోమేటిక్ వాచీ, అంటే చేతి కదలికకే కీ ఎక్కే వాచీ ఇది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. సంపాదించిన సామాను అంతా గదిలోనే వదిలేసి, ఎడారి దారిన జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయికి వచ్చినవాళ్ళలో నాన్న ఒకరు. అలా వచ్చినవాళ్ళు లక్షన్నరకు పైనే. నాన్న కోవూరులో బస్సు దిగేటప్పటికి ఆయన దగ్గర ఒక చేతిసంచీ, మణికట్టు మీద ఈ వాచీ ఉన్నాయి. తర్వాత రెండేళ్ళు ఇంట్లో ఎంత ఇబ్బంది పడ్డా దాన్ని అమ్మలేదు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను పడ్డ ఇబ్బంది ఆ ఒక్క కంపెనీది కాదు. ఖరీదైన వాచీలు చేసేవాళ్ళలో చాలామంది తీరు అదే.

మొదట నెల్లూరులో ఒక పెద్ద షోరూముకు తీసుకెళ్ళాను. మూత కూడా తీయకుండా, కంపెనీకే పంపాలన్నారు. వేసవి సెలవులు కనుక నేనే చెన్నై వెళ్ళి అధీకృత సర్వీసు కేంద్రంలో ఇచ్చి వచ్చాను. చక్కగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, వాచీకి అన్ని వైపులా ఫొటోలు తీసి రసీదు ఇచ్చారు. మర్యాదలో లోపం లేదు. తొమ్మిది రోజుల తర్వాత అంచనా పంపారు: మిషను మొత్తం మార్పు, కొత్త బుడిపె, కొత్త గాస్కెట్లు (నీళ్ళు లోపలికి పోకుండా వేసే చుట్లు), డయల్, ముళ్ళు కూడా మార్చడం మంచిదని సూచన. కలిపి 46,800 రూపాయలు, పది వారాల గడువు.

ఫోన్ చేసి అడిగాను. విరిగింది ఏ భాగం? అది చెప్పలేమన్నారు. పోనీ, ఆ ఒక్క భాగం మార్చండి అన్నాను. విడిగా మార్చే పద్ధతి లేదు. ఆ భాగం నాకు అమ్మండి, ఇంకెక్కడైనా వేయించుకుంటాను అన్నాను. బయటివాళ్ళకు విడిభాగాలు అమ్మరు. పాత మిషను నాకు తిరిగి ఇస్తారా? అది కంపెనీకే పోతుంది.

వాళ్ళ లెక్క నాకు అర్థం కాకపోలేదు. రెండేళ్ళు హామీ ఇవ్వాలంటే అంతా కొత్తది వేయడమే వాళ్ళకు సులువు. కానీ నాన్న చేతి వేడికి ముప్పై ఏళ్ళకు దగ్గరగా తిరిగిన మిషను తీసేసి, ఆయన రోజూ చూసుకున్న డయల్ తీసేసి, పైన అదే పేరున్న ఇంకో వాచీ నా చేతిలో పెడితే, అది నాన్న వాచీ ఎలా అవుతుంది? డయల్ మీద చీకట్లో వెలిగే చుక్కలు ముదురు పసుపు రంగుకు తిరిగాయి. అవి నాకు అలాగే కావాలి. పరిశీలన రుసుము 1,180 రూపాయలు కట్టి వాచీ వెనక్కి తెచ్చుకున్నాను.

కొన్న వస్తువును బాగు చేయించుకునే హక్కు గురించి మన దేశంలో మాట మొదలైంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి యంత్రాలు, వాహనాలు అందులోకి వచ్చాయి. వాచీలు రాలేదు. ట్రాక్టరు ఆగితే రైతు పని ఆగుతుంది, ముందు అదే చూడాలి, కాదనను. అయినా, విడిభాగం అమ్మను అనే మాట ఏ వస్తువు విషయంలోనైనా అన్యాయమే అని నా గట్టి అభిప్రాయం.

జూన్‌లో బడులు తెరిచాక మా స్టాఫ్ రూములో ఈ సంగతి చెబితే, లెక్కల మాస్టారు వెంటనే ఈ దుకాణం గుర్తులు చెప్పారు. ట్రంకు రోడ్డులో గాంధీ బొమ్మ దగ్గర దిగి, చిన్న బజారు వైపు నడిస్తే, ఒక బట్టల దుకాణం మెట్ల కింద నాలుగడుగుల గాజు బల్ల ఉంటుంది. పేరున్న బోర్డు ఎండకు వెలిసిపోయింది. ఆయన పేరు గానీ ఫోను నంబరు గానీ రాయవద్దని అడిగారు, రాయడం లేదు. ఒక్కడే పని చేస్తారు, వచ్చే పనే ఆయనకు ఎక్కువ. అందరూ 'భాయ్' అంటారు, నేనూ అలాగే పిలిచాను. వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళకు ఒక గుర్తు: బల్ల వెనక గోడకు హోమియోపతి మందుల చిన్న గాజు సీసాలు వరసలుగా ఉంటాయి. మాత్రలకు బదులు వాటిలో స్క్రూలు, పళ్ళ చక్రాలు, రాడ్లు. ప్రతి సీసా మీదా తెల్ల కాగితం ముక్క, దాని మీద నీలం సిరాతో అంకెలు.

జూన్ 14, రెండో శనివారం వెళ్ళాను. నేను చెప్పేది పూర్తిగా విన్నారు. బుడిపెను రెండుసార్లు లాగి చూసి, చెవి దగ్గర పెట్టుకుని, "జంపర్ పోయి ఉంటుందమ్మా. విప్పి చూస్తే గానీ ఖాయంగా చెప్పలేను. విప్పమంటారా?" అన్నారు. జంపర్ అంటే బుడిపెను ఒక్కో మెట్టు దగ్గర ఆపి పట్టే చిన్న రేకు. అడిగి విప్పిన మొదటి మనిషి ఆయనే. నేను అక్కడే కూర్చుంటానన్నాను. స్టూలు జరిపారు.

వెనక మూత తీశారు. లోపల అటూ ఇటూ తిరిగే అర్ధచంద్రాకారపు బరువు మీద కంపెనీ పేరు, కంపెనీ సొంత నంబరు చెక్కి ఉన్నాయి. చెన్నైలో నాకు పదేపదే చెప్పింది ఈ నంబరే. ఇది మా ప్రత్యేకమైన మిషను, బయట దీనికి ముక్కలు దొరకవు, అన్నారు. భాయ్ దాన్ని పట్టించుకోలేదు. కంటికి ఐగ్లాసు పెట్టుకుని, ఆడుతున్న బ్యాలెన్స్ చక్రం కిందికి దీపం వంచి చూసి, ఐగ్లాసు తీసి నాకిచ్చారు. "చక్రం కింద చూడండమ్మా. ఏం రాసి ఉంది?"

అలవాటు లేని కన్ను కనుక కొంచెంసేపు ఏమీ కనబడలేదు. తర్వాత ఊగుతున్న చక్రం కమ్మీల సందులోంచి, వెంట్రుకలాంటి సన్నటి అచ్చు తేలింది. ఈటా, 2824-2.

ఈటా అంటే స్విట్జర్లాండ్‌లో మిషన్లు చేసే పెద్ద కంపెనీ. ఎన్నో ఖరీదైన బ్రాండ్లు దాని మిషన్లు తెచ్చుకుని, కొన్ని మెరుగులు దిద్ది, తమ నంబరు వేసుకుని వాడాయి. అందులో మోసమేమీ లేదు, అది ఆ పరిశ్రమ నడిచే తీరు. ఈ 2824-2 చాలా పేరున్న మిషను: 25 రాళ్ళు (ఇరుసులు అరగకుండా అమర్చేవి), గంటకు 28,800 టిక్కులు, అంటే సెకనుకు 8. నేను భౌతికశాస్త్రం చెప్పే టీచర్‌ని. సెకనుకు నాలుగు పూర్తి డోలనాలు అని పాఠంలో ఎన్నోసార్లు చెప్పాను గానీ, అలా ఆడే చక్రాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. అసలు సంగతి ఏమిటంటే, మిషను పేరు తెలిసిపోతే విడిభాగానికి దారి దొరికినట్టే. స్విస్ మిషన్లలో ప్రతి భాగానికీ ఒక అంకె ఉంటుంది. బుడిపెకు బిగించి ఉండే కీ రాడ్ 401, బుడిపె లాగితే కదిలే సెట్టింగ్ లీవర్ 443, దాన్ని పట్టి ఉంచే జంపర్ 445. మిషను నంబరు, భాగం అంకె, ఈ రెండూ చెబితే చాలు, ఏ దేశంలోని విడిభాగాల వ్యాపారికైనా మీకు కావలసినదేమిటో తెలిసిపోతుంది. చెన్నైలో అంత పెద్ద కేంద్రం నాకు చెప్పని రెండు అంకెలు, మెట్ల కింద దుకాణంలో పది నిమిషాల్లో కాగితం మీద రాసి నా చేతికిచ్చారు.

జంపర్ ఉండేది డయల్ వైపు. దాన్ని చేరాలంటే ముందు కీ రాడ్ తీయాలి, తర్వాత మిషను బయటికి, ఆపైన ముళ్ళు, డయల్, తేదీ చక్రం. రాడ్ తీయడానికి చిన్న బటన్‌ను సుతారంగా నొక్కాలి. గట్టిగా నొక్కితే లోపలి లీవర్లు చోటు తప్పుతాయట. తొందరపడే చేతులు ఈ మిషనును పాడు చేసేది అక్కడేనని చెబుతూ నొక్కారు. ముళ్ళు తీసేటప్పుడు డయల్ మీద పలచటి ప్లాస్టిక్ కాగితం పరిచారు. గీత పడకూడదని. నాన్న డయల్ మీద గీత పడకూడదని నేను లోపల ఎంత అనుకుంటున్నానో పైకి చెప్పలేదు. ఆయన చెప్పించుకోలేదు.

విరిగిన ముక్కను తెల్ల కాగితం మీద పెట్టి చూపించారు. జంపర్ మొత్తం చిటికెన వేలి గోరులో సగం ఉంటుంది. పలచటి ఉక్కు రేకు. దానికి ఒక పక్కన సన్నటి చేయి, ఆ చేతి చివర మూడు గాట్లు. బుడిపె లాగినప్పుడు లీవరు మీదున్న పిన్ను ఒక గాటులోంచి ఇంకో గాటులోకి దూకుతుంది. మొదటిది కీ ఇవ్వడానికి, రెండోది తేదీకి, మూడోది సమయం దిద్దడానికి. వేలికి తగిలే 'టక్' అంటే ఆ దూకడమే. మా వాచీలో ఆ చేయి మొదట్లోనే తెగి, గాట్లున్న కొస విడిగా పడి ఉంది. ఆ కొస మన మొలగొలుకుల బియ్యపు గింజలో సగం కూడా లేదు. ముప్పై ఏడేళ్ళుగా వంగి లేచి, వంగి లేచి, అలసిపోయిన ఉక్కు. 46,800 రూపాయల అంచనా వెనకున్న అసలు జబ్బు ఇదీ.

అతికించవచ్చా అని అడిగాను. "అతికిస్తే బిగుస్తుంది, వంగదు. వంగని జంపర్ లీవర్‌ను తింటుంది. కొత్తదే వేయాలి." ఆ జవాబుతో నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. అతికించి మూడు వందలు తీసుకుని పంపించగలిగిన మనిషి ఆ మాట అన్నారు.

ఎలాగూ విప్పారు కనుక పూర్తి సర్వీసింగ్ సంగతి కూడా తేల్చారు. మైకు ఉన్న చిన్న పరీక్ష యంత్రం మీద విప్పకముందే వాచీ చప్పుడు వినిపించి ఉంచారు: బ్యాలెన్స్ చక్రం ఊపు 212 డిగ్రీలే. నూనె ఎండిపోయిందని దాని అర్థం. నాన్న చివరిసారి సర్వీసింగ్ చేయించింది 2009లో. జంపర్ వేసి వదిలేయమన్నా వేస్తానని, సర్వీసింగ్‌తో కలిపి అయితే 2,500 అదనమని, నిర్ణయం నాదేనని చెప్పారు. కలిపే చేయమన్నాను. జంపర్ పది రోజుల్లో తెప్పిస్తానన్నారు.

పది రోజులన్నది ఆరు వారాలైంది. ఈ రాతలో నేను పెట్టే ఫిర్యాదు ఇదొక్కటే, దాన్నీ పూర్తిగా చెబుతాను. మధ్యలో ఆయనంతట ఆయన ఫోన్ చేయలేదు. నేను చేస్తే సగంసార్లు ఎత్తలేదు. కంటికి ఐగ్లాసు, చేతిలో పట్టకారు ఉన్నప్పుడు ఫోను తీయరట. వాచీ ఇచ్చినప్పుడు రసీదు నేను అడిగితేనే రాశారు, అదీ చిన్న అట్టముక్క మీద. అంత విలువైన వస్తువు వదిలి వచ్చేవాళ్ళకు ఆ అట్టముక్క ధైర్యం చాలదు. చక్కటి రసీదు పుస్తకం ఒకటి పెట్టుకోండి భాయ్ అని చెప్పాను. పెట్టుకోవాలి.

ఆలస్యానికి కారణం మాత్రం నా కళ్ళతో చూశాను. జూన్ చివర్లో చెన్నై నుంచి మొదటి జంపర్ వచ్చింది. పేరు లేని ప్లాస్టిక్ సంచీలో, 350 రూపాయలకు. వేసి, మూత బిగించకముందే నన్ను పిలిచారు. "లాగి చూడండమ్మా, మెట్టు తగులుతోందా?" అన్నారు. రెండో మెట్టు తగిలింది. తేదీ మెట్టు మాత్రం మెత్తగా, ఉందా లేదా అన్నట్టు ఉంది. నేనైతే సర్దుకుపోయేదాన్నే. ఆయన ఐగ్లాసు ఇచ్చి గాటు అంచు చూడమన్నారు. అచ్చు కొట్టి వదిలేసిన రేకు. అంచున గరుకు మిగిలింది. ఆ గరుకు లీవర్ పిన్నును అరగదీస్తుందని, ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ ఇదే దారి అని చెప్పి, నా ముందే దాన్ని తీసేశారు. ఆ 350 నా లెక్కలో వేయలేదు.

అప్పుడు రెండు దారులు చెప్పారు. సెలిటా అనే ఇంకో స్విస్ కంపెనీ ఉంది. 1950 నాటిది, ఒకప్పుడు ఈటా మిషన్లనే బిగించి ఇచ్చేది. ఇప్పుడు అదే నమూనాలో ఎస్‌డబ్ల్యూ 200 పేరుతో సొంత మిషను చేస్తోంది. దాని భాగాలు చాలావరకు 2824కి కుదురుతాయి, అన్నీ కాదు. తెప్పించి చూడవచ్చు. రెండోది, అసలు ఈటా జంపర్ కోసం వెతకడం. అది ఇప్పుడు కష్టం. ఈటా బయటి కంపెనీలకు మిషన్ల సరఫరా తగ్గించుకోవాలనుకోవడం, దాని మీద స్విట్జర్లాండ్ పోటీ కమిషన్ దగ్గర ఏళ్ళ తరబడి వాదన నడవడం, 2013లో కుదిరిన ఒప్పందం ప్రకారం 2019 చివరి వరకు అంచెలంచెలుగా తగ్గించడం, ఇదంతా నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. భాయ్ దాన్ని ఒక్క మాటలో చెప్పారు: "పైన కుళాయి కట్టేశారమ్మా, ఇప్పుడు కుండల్లో ఉన్నదే."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో బాధ వినిపించింది. ఈయన పని నేర్చుకున్నది వాళ్ళ నాన్న దగ్గర, హెచ్‌ఎంటీ వాచీల మీద. ఆ కంపెనీ 1961లో బెంగళూరులో జపాన్ సిటిజెన్ సహకారంతో వాచీల తయారీ మొదలుపెట్టింది. పెళ్ళికి అల్లుడికి వాచీ అంటే అదే అన్న కాలం నాకూ గుర్తుంది. మన హైదరాబాద్ ఆల్విన్ వాచీలు కూడా ఉండేవి. హెచ్‌ఎంటీ జనతా వాచీకి ఏ ముక్క కావాలన్నా నెల్లూరులోనే దొరికేదని, దొరకకపోతే కంపెనీకి ఉత్తరం రాస్తే వచ్చేదని చెప్పారు. 2016లో హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసేయాలని కేంద్రం నిర్ణయించినప్పుడు, వాళ్ళ నాన్న కొని దాచిన ముక్కలే ఆ గోడ మీది సీసాల్లో సగం. వందల వాచీలు ఇంకా వాటితోనే బతుకుతున్నాయి. వాచీ ఖరీదు పెరిగేకొద్దీ దాన్ని బాగుచేసే హక్కు తగ్గుతూ పోవడం ఎంత తలకిందుల లెక్కో ఆ సీసాల ముందు కూర్చుంటే తెలుస్తుంది.

నేను అసలుదే కావాలన్నాను, ఆగుతానన్నాను. జులై మూడో వారంలో ఆయన వేరే పని మీద పినాకిని రైల్లో చెన్నై వెళ్ళారు. దుకాణం తీసేస్తున్న ఒక పాత విడిభాగాల వ్యాపారి దగ్గర, సీలు విప్పని ఈటా పొట్లం దొరికింది. దాని మీద 2824-2, 445 అని అచ్చు. నేను వచ్చేదాకా సీలు విప్పకుండా ఉంచి, నా ఎదుటే చింపారు. ఆ వ్యాపారి ఇచ్చిన 1,400 రూపాయల బిల్లు కూడా చూపించి, దాని మీద ఒక్క రూపాయి వేయలేదు.

కొత్త జంపర్ గాట్ల అంచు అద్దంలా నున్నగా ఉంది. మొదట వచ్చినదాన్ని పక్కన పెట్టి రెండూ చూపించారు. అప్పుడు గానీ 350కి, 1,400కి తేడా నాకు తెలియలేదు.

జులై 26న వాచీ తీసుకోవడానికి వెళ్ళినప్పుడు ముళ్ళు బిగించే పని మిగిలి ఉంది, చూసే అవకాశం దొరికింది. చిన్న ముల్లు ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదు. ముందు రాడ్ తిప్పుతూ పోయారు, తేదీ చక్రం మెల్లగా కదిలి, కదిలి, ఒక్కసారి టక్కున కొత్త అంకెకు మారింది. అక్కడ ఆగారు. వాచీ లెక్కలో అది అర్ధరాత్రి. అప్పుడు చిన్న ముల్లునూ పెద్ద ముల్లునూ పన్నెండు మీద నిలబెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కారు. నేనూ ఊపిరి పీల్చలేదు. తర్వాత మళ్ళీ ఇరవై నాలుగు గంటలు తిప్పి, తేదీ పన్నెండుకే మారుతోందని చూసుకున్నాక గానీ సెకన్ల ముల్లు పెట్టలేదు.

పరీక్ష యంత్రం మీద చక్రం ఊపు 284 డిగ్రీలకు వచ్చింది. రోజుకు ఐదు సెకన్లు ముందు. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ అనే ముద్ర పొందాలంటే రోజుకు సగటున నాలుగు వెనక, ఆరు ముందు మధ్య ఉండాలి. ముద్ర లేని ముప్పై ఏడేళ్ళ వాచీ ఆ గీతల మధ్యకు వచ్చింది. మొత్తం ఖర్చు: జంపర్ 1,400, సర్వీసింగ్ 2,500, గాస్కెట్లు 150. నాలుగు వేల యాభై. విరిగిన జంపర్‌ను, దాని తెగిన కొసతో సహా, చిన్న కాగితం పొట్లంలో కట్టి ఇచ్చారు. నేను అడగలేదు. పాత ముక్క సొంతదారుదే అన్నది ఆయన పద్ధతి.

అక్కడ జరగని పనులు కూడా తెలియాలి. నీటి ఒత్తిడి పరీక్ష చేసే యంత్రం ఆయన దగ్గర లేదు. గాస్కెట్లు మార్చినా, ఈ వాచీని నీళ్ళలోకి తీసుకెళ్ళవద్దని ఆయనే చెప్పారు. నేను కోవూరు నుంచి స్కూటీ మీద పెన్నా వంతెన దాటి వస్తాను, వాన పడితే విప్పి సంచీలో పెట్టుకుంటున్నాను. పైన గీతలకు పాలిష్ పెట్టరు. అడిగితే, పాలిష్ పెట్టినకొద్దీ లోహం పోతుందన్నారు. బ్యాటరీ మార్పు లాంటి అయిదు నిమిషాల పనికి ఆయన దగ్గరికి వెళ్ళకండి, అలాంటివి పక్క దుకాణాల్లో అవుతాయి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ దుకాణం మూసి ఉంటుంది. ట్రంకు రోడ్డులో కారు నిలపడానికి చోటుండదు, ఆటోలో వెళ్ళడం నయం.

ఇంకో మాట చెప్పి పంపించారు, ఆటోమేటిక్ వాచీ ఉన్న అందరికీ పనికొస్తుంది. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు వరకు బుడిపెతో తేదీ మార్చకూడదు. ఆ వేళల్లో తేదీ చక్రం పళ్ళు తమంతట తాము మార్చే పనిలో ఉంటాయి. బయటి నుంచి మనం బలవంతం చేస్తే పన్ను విరుగుతుంది. నాన్న ఎప్పుడూ పొద్దున్నే, కాఫీకి ముందే ఎందుకు మార్చేవారో, అది ఎవరైనా చెప్పి చేశారో, అలవాటో నాకు తెలియదు.

మీరు ఇలాంటి పని మీద ఎవరి దగ్గరికి వెళ్ళినా, మిషను నంబరు, విరిగిన భాగం అంకె కాగితం మీద రాయించుకోండి. ఆ రెండూ రాసి ఇవ్వని చోట వాచీ వదలకండి. కొత్త ముక్క పొట్లం మీ ముందే విప్పమనండి, పాతది వెనక్కి ఇమ్మని ముందే అడగండి. నెల్లూరు చుట్టుపక్కలవాళ్ళయితే గాంధీ బొమ్మ దగ్గర దిగి ఈ మెట్ల కింద దుకాణానికి వెళ్ళండి, నెలరోజుల ఓపిక వెంట తీసుకెళ్ళండి. మా అత్తగారి తమ్ముడిది ఒక హెచ్‌ఎంటీ పైలట్ వాచీ ఇనప్పెట్టెలో పడి ఉంది. దసరా సెలవుల్లో దాన్నీ ఇచ్చి వచ్చాను. ఈసారి రసీదు అడగక్కరలేకపోయింది, కార్బన్ కాగితం పెట్టిన పుస్తకం తీసి రాసిచ్చారు.

సెప్టెంబరుకు ముప్పై రోజులే. అక్టోబరు 1న పొద్దున వాచీ 31 చూపించింది. బుడిపె లాగాను. మొదటి మెట్టు దగ్గర ఆగింది. 1కి తిప్పి, లోపలికి నొక్కి, కాఫీ పెట్టుకున్నాను.